టీవీకి కంప్యూటర్ కలిపే వైరు గురించి జనానికి సరిగ్గా చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పండగ సీజన్ మొదలైన దగ్గర్నుంచి మీ పేపర్లో ఫుల్ పేజీ టీవీ యాడ్లు వస్తున్నాయి, 43 ఇంచులు, 55 ఇంచులు, 4కే, ఇంత డిస్కౌంటు, నెలకి ఇంత ఈఎమ్‌ఐ, పాతది ఇస్తే ఎక్స్‌చేంజి, అన్నీ పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కానీ ఆ టీవీ వెనకాల హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులు, అంటే బొమ్మ, సౌండు తీసుకునే సాకెట్లు ఎన్ని, అందులో 4కే బొమ్మని పూర్తి స్పీడుతో తీసుకునేవి ఎన్ని, పాత కంప్యూటర్ తగిలించడానికి ఏమన్నా దారి ఉందా లేదా, ఇవి మాత్రం ఎక్కడా కనపడవు. టీవీ ఇంటికొచ్చి గోడకెక్కాక అప్పుడు మొదలవుతుంది అసలు తంటా, ల్యాప్‌టాప్ ఎలా కలపాలి, ఏ వైరు కొనాలి అని.

నేను ఖమ్మంలో కంప్యూటర్ రిపేరు షాపు నడుపుతున్నా. ఈ వైర్ల విషయంలో జనం డబ్బులు పోగొట్టుకోవడం ఎప్పట్నుంచో చూస్తున్నా, అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే, కానీ దయచేసి కట్ చేయకుండా వేయండి, సగం చెప్తే మళ్లీ తప్పు వైరే కొనుక్కొస్తారు.

2020 లాక్‌డౌన్‌కి ముందు టీవీకి కంప్యూటర్ కలిపేవాళ్లు తక్కువే, ఎవరో సినిమాల పిచ్చోళ్లు, గేములాడే కుర్రాళ్లు అంతే. పిల్లల క్లాసులు ఇంట్లోకి వచ్చాక సీను మారిపోయింది. చిన్న స్క్రీన్ మీద గంటలు గంటలు చూస్తే కళ్లు పోతాయని తల్లిదండ్రులు ల్యాప్‌టాప్‌ని టీవీకి కలపడం మొదలుపెట్టారు, అది అలవాటైపోయింది. ఇప్పుడు ఈఏపీసెట్ (పాత ఎంసెట్), నీట్ వీడియోలు చూసుకునే పిల్లలు, ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లు, అమెరికాలో ఉన్న మనవణ్ణి పెద్ద స్క్రీన్ మీద చూసుకుందామనుకునే తాతయ్యలు, అందరికీ ఈ వైరు కావాలి. వీళ్లలో ఎక్కువమంది షాపుకెళ్లి "టీవీకి కంప్యూటర్ కలిపే వైరు ఇవ్వండి" అంటారు, షాపులో కుర్రాడు చేతికి అందింది ఇచ్చి పంపేస్తాడు. ఇక్కడే తేడా కొడుతోంది.

ఎందుకంటే అలాంటి వైరు అంటూ ఒకటి లేదండీ. కంప్యూటర్‌కి ఏ సాకెట్ ఉంది, టీవీకి ఏ సాకెట్ ఉంది, మధ్యలో దూరం ఎంత, ఎంత క్లారిటీ కావాలి, ఈ నాలుగూ తెలిస్తేనే వైరు చెప్పగలం. నా దగ్గరికి వచ్చినవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు ఇంటికెళ్లి కంప్యూటర్ వెనకాల ఒక ఫోటో, టీవీ వెనకాల ఒక ఫోటో ఫోన్లో తీసుకురండి, గోడ దగ్గర్నుంచి కంప్యూటర్ పెట్టే చోటుకి టేపు పెట్టి కొలవండి, వైరు వంపులు తిరిగి వస్తుంది కాబట్టి ఆ వంపులతో సహా కొలవండి, అప్పుడు రండి. ఇది చేసినవాళ్లలో తప్పు వైరు కొన్నవాళ్లని నేను దాదాపు చూడలేదు.

సాకెట్లు గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. చదునుగా వెడల్పుగా ఉండి కింద రెండు మూలలూ లోపలికి వాలి ఉంటే అది హెచ్‌డీఎమ్‌ఐ, లోపల 19 పిన్నులు. దాదాపు అలాగే ఉండి ఒక్క మూల మాత్రమే కోసినట్టుంటే అది డిస్‌ప్లే పోర్ట్. నీలం రంగులో మూడు వరసల్లో 15 రంధ్రాలు, పక్కన రెండు స్క్రూలు ఉంటే వీజీఏ. తెల్లగా పెద్దగా బోలెడన్ని రంధ్రాలుంటే డీవీఐ. కొత్త ఫోన్ ఛార్జింగ్ పిన్ను లాగా చిన్నగా అండాకారంలో ఉంటే యూఎస్‌బీ సీ. కొన్ని పల్చటి ల్యాప్‌టాప్‌లకి, కెమెరాలకి, పిల్లలు ప్రాజెక్టులకి వాడే రాస్ప్‌బెర్రీ పై లాంటి బోర్డులకి హెచ్‌డీఎమ్‌ఐలోనే మినీ, మైక్రో అని చిన్న సైజులు ఉంటాయి, వాటికి ఒకవైపు చిన్న పిన్ను ఉన్న వైరు కావాలి, అంతే తేడా.

రెండువైపులా హెచ్‌డీఎమ్‌ఐ ఉంటే మీ పని సగం అయిపోయినట్టే, బొమ్మ, సౌండు రెండూ ఒకే వైర్లో పోతాయి. ఇక్కడ జనం మోసపోయేది రేటు దగ్గర. టీవీ ఫుల్ హెచ్‌డీ అయితే, అంటే 1080పీ, మీటరున్నర పొడవున్న మామూలు హై స్పీడ్ వైరు చాలు, రెండు మూడొందల్లో దొరుకుతుంది. దానికి రెండు వేలు పెట్టి బంగారు పూత వైరు కొనక్కర్లేదు. బంగారు పూత వల్ల పిన్ను తుప్పు పట్టదు, సముద్రం పక్కన వైజాగ్‌లోనో కాకినాడలోనో ఉండేవాళ్లకి అది కొంత పనికొస్తుందేమో కానీ బొమ్మ క్లారిటీ పెరగడం అనేది ఉండదు. ఇది డిజిటల్ సిగ్నల్. సరిగ్గా వస్తే పూర్తిగా వస్తుంది, వైరు బాగోకపోతే స్క్రీన్ మీద చుక్కలు మెరుస్తాయి, మధ్యమధ్యలో నల్లగా అయిపోయి మళ్లీ వస్తుంది, లేదంటే అసలు రాదు. రంగులు కొంచెం వెలిసిపోవడం, బొమ్మ కొంచెం మసకబారడం లాంటివి హెచ్‌డీఎమ్‌ఐ వైరు వల్ల రావు, అవి టీవీ సెట్టింగుల వల్ల వస్తాయి. కాబట్టి "ఈ వైరు వేస్తే కలర్స్ అదిరిపోతాయి సార్" అని ఎవరన్నా అంటే నమ్మొద్దు.

4కే టీవీ అయితే కొంచెం ఆలోచించాలి. 4కే అంటే 3840 బై 2160 చుక్కలు, అంటే ఫుల్ హెచ్‌డీకి నాలుగింతలు. సెకనుకి 30 సార్లు బొమ్మ మారితే 30 హెర్ట్జ్, 60 సార్లు మారితే 60 హెర్ట్జ్. సినిమా చూడటానికి 30 సరిపోతుంది, కానీ కంప్యూటర్ పనికి 30 హెర్ట్జ్ పెట్టుకుంటే మౌస్ ఈడ్చుకుంటూ కదులుతున్నట్టు ఉంటుంది, పేజీ కిందికి లాగుతుంటే కళ్లు లాగేస్తాయి, దాంతో జనం కంప్యూటర్ స్లో అయిందనుకుని నా దగ్గరికి మోసుకొస్తారు. కంప్యూటర్‌కి ఏ రోగమూ ఉండదు! 60 హెర్ట్జ్ కావాలంటే సెకనుకి 18 గిగాబిట్ల దాకా మోయగలిగే వైరు ఉండాలి, దానికి ప్రీమియం హై స్పీడ్ అని పేరు. 4కే 120 హెర్ట్జ్ గేములు, 8కే టీవీలు, వీటికైతే 48 గిగాబిట్ల అల్ట్రా హై స్పీడ్ కావాలి.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. ప్యాకెట్ మీద 2.0 వైరు, 2.1 వైరు అని రాసి అమ్ముతున్నారు కదా, అసలు హెచ్‌డీఎమ్‌ఐ లైసెన్సు ఇచ్చే సంస్థ నియమాల ప్రకారం వైరు మీద అలా వెర్షన్ నంబర్ వేయకూడదు. ఆ నంబర్లు టీవీకి, కంప్యూటర్‌కి సంబంధించినవి. 2009లో 1.4 వచ్చింది, అది 4కే ని 30 హెర్ట్జ్ దగ్గరే ఆపేస్తుంది. 2013లో 2.0 వచ్చాక 60 అయింది, 2017లో 2.1 తో 120 దాకా పోయింది. వైరుకి మాత్రం స్పీడు పేరు ఉంటుంది, హై స్పీడ్, ప్రీమియం హై స్పీడ్, అల్ట్రా హై స్పీడ్ అని. చివరి రెండిటికీ నిజమైన సర్టిఫికెట్ ఉంటే ప్యాకెట్ మీద స్కాన్ చేసి చెక్ చేసుకునే లేబుల్ ఉంటుంది, ఆ లైసెన్సు సంస్థ సొంత యాప్‌తో స్కాన్ చేస్తే అసలుదో నకిలీదో అక్కడే తెలిసిపోతుంది. 8కే అని వైరు మీద ప్రింట్ కొట్టడానికి ఎవడికీ ఏమీ ఖర్చవ్వదు, ఆ లేబుల్ చూడండి.

వైరు ఎంత మంచిదైనా రెండు చివర్లూ బాగోకపోతే లాభం లేదు, దీని గురించి కూడా చెప్పాలి. ఇంటెల్ 6వ జనరేషన్ నుంచి 9వ జనరేషన్ దాకా ప్రాసెసర్లున్న చాలా డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద ఉండే హెచ్‌డీఎమ్‌ఐ 1.4 రకమే, 4కే అంటే 30 దగ్గర ఆగిపోతుంది. అదే బోర్డు మీద డిస్‌ప్లే పోర్ట్ గనక ఉంటే దాంట్లోంచి 60 వస్తుంది. టీవీలకి డిస్‌ప్లే పోర్ట్ దాదాపుగా ఉండదు కాబట్టి మధ్యలో డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎమ్‌ఐకి మార్చే యాక్టివ్ అడాప్టర్ పెట్టుకోవాలి, యాక్టివ్ అంటే లోపల మార్చే చిప్ ఉన్నది. చౌక రకం వేసినా బొమ్మ వస్తుంది కానీ 4కే 60 రాదు. ఇంకోటి, సీపీయూలో వేరేగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే వైరు ఆ కార్డుకి పెట్టాలి, పైన మదర్‌బోర్డు సాకెట్‌కి కాదు, చాలామంది పైన పెట్టేసి సిగ్నల్ రావట్లేదని వైరు మార్చేస్తూ ఉంటారు.

టీవీ వైపు కూడా ఇలాంటి మెలికే ఉంది. మూడు హెచ్‌డీఎమ్‌ఐ పోర్టులు ఉన్నా అన్నీ ఒకలాంటివి కాకపోవచ్చు, పక్కన చిన్న అక్షరాల్లో రాసుంటుంది చూడండి. పైగా పూర్తి స్పీడు మొదట్నుంచి ఆన్‌లో ఉండకపోవచ్చు, సామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అని, ఎల్‌జీలో అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్ అని, సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అని ఒక సెట్టింగు ఉంటుంది, దాన్ని ఆ పోర్టుకి ఆన్ చేయాలి. ఇవన్నీ కొనకముందే తెలియాల్సిన సంగతులు కదా, యాడ్‌లో ఒక్క లైను వేస్తే ఏం పోతుంది? మీ పేపర్‌కి యాడ్ ఇచ్చేవాళ్లని మీరే అడగాలని నా విన్నపం. 32 ఇంచుల టీవీల విషయం కూడా అంతే, హెచ్‌డీ రెడీ అని అమ్మేవాటిల్లో ఎక్కువ భాగం 1366 బై 768 చుక్కలవే, వాటి మీద ఎక్సెల్ షీటు పెడితే అక్షరాలు అలుక్కుపోయినట్టే ఉంటాయి, ఏ వైరు వేసినా అది మారదు. కంప్యూటర్ పనికి టీవీ కావాలనుకునేవాళ్లు కనీసం ఫుల్ హెచ్‌డీ తీసుకోండి.

ఇప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించే విషయానికి వస్తా. ఒక పక్క నీలం వీజీఏ పిన్ను, ఇంకో పక్క హెచ్‌డీఎమ్‌ఐ పిన్ను, మధ్యలో ఉత్త వైరు, ఇలాంటివి మార్కెట్లో విచ్చలవిడిగా అమ్ముతున్నారు. ఆన్‌లైన్‌లోనూ ఉన్నాయి, షాపుల్లోనూ ఉన్నాయి. అవి పని చేయవండీ. వీజీఏ అనేది ఐబీఎమ్ వాళ్లు 1987లో తెచ్చింది, అది అనలాగ్ సిగ్నల్, రంగుల్ని కరెంటు హెచ్చుతగ్గుల రూపంలో పంపిస్తుంది. హెచ్‌డీఎమ్‌ఐ డిజిటల్, మొత్తం అంకెలే. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చాలంటే మధ్యలో చిప్ ఉండాలి, ఆ చిప్‌కి కరెంటు కావాలి, వీజీఏలో సౌండు పోదు కాబట్టి సౌండు కోసం హెడ్‌ఫోన్ పిన్ను లాంటి 3.5 ఎమ్‌ఎమ్ వైరు కూడా వేరేగా కావాలి. కాబట్టి పాత కంప్యూటర్ నుంచి కొత్త టీవీకి పని చేసే కన్వర్టర్ ఎలా ఉంటుందంటే, వీజీఏ పిన్ను, హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్, దానికి ఒక యూఎస్‌బీ తోక, ఒక ఆడియో తోక ఉంటాయి. ఆ తోకలేమీ లేకుండా తాడు లాగా ఉత్త వైరు చేతిలో పెడితే అది డబ్బు దండగ.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, ఆయన దగ్గర బాగా పాత డెస్క్‌టాప్ ఉంది, వీజీఏ ఒక్కటే. కంటి ఆపరేషన్ అయ్యాక చిన్న మానిటర్ మీద చదవలేకపోతున్నానని కొత్త టీవీకి కలుపుకుందాం అనుకున్నారు. ఒక షాపులో ఇలాంటి ఉత్త వైరే అంటగట్టారు. నో సిగ్నల్. తిరిగి తీసుకెళ్తే "వైరు బాగానే ఉంది, మీ టీవీలో ప్రాబ్లెమ్" అన్నారంట. టీవీ కంపెనీకి ఫోన్ చేస్తే టెక్నీషియన్ వచ్చి చూసి టీవీ బాగానే ఉందని చెప్పి విజిట్ ఛార్జీ తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంకో షాపులో ఇంకో కన్వర్టర్ కొన్నారు, ఈసారి చిప్ ఉంది కానీ అది హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి మార్చేది, అంటే కొత్త ల్యాప్‌టాప్‌ని పాత ప్రొజెక్టర్‌కి కలిపేది, రివర్సులో పని చేయదు. పెన్షన్ మీద బతికే మనిషి, తన కంప్యూటరే పాడైపోయిందేమోనని అనుమానపడి చివరికి నా దగ్గరికి తెచ్చారు. సరైన కన్వర్టర్ పెట్టగానే నిమిషంలో వచ్చింది. ఆయన అప్పటికే పోగొట్టుకున్నది ఎవరిస్తారు?

ఎరుపు, తెలుపు, పసుపు మూడు పిన్నుల వైరు కథ కూడా ఇదే. ఒకవైపు హెచ్‌డీఎమ్‌ఐ, ఇంకోవైపు ఆ మూడు రంగులు పెట్టిన ఉత్త వైరు కొనొద్దు, పాత డబ్బా టీవీలో బొమ్మ రాదు. డబ్బాలాంటి కన్వర్టర్ పెడితే వస్తుంది, అయినా ఆ పసుపు పిన్ను నుంచి వచ్చే బొమ్మలో అక్షరాలు చదవలేం, సినిమాకైతే సరే.

వీజీఏ రోజులు అయిపోతాయని ఎప్పుడో చెప్పారు, 2010 డిసెంబర్‌లోనే ఇంటెల్, ఏఎమ్‌డీ, డెల్, లెనోవో, సామ్‌సంగ్, ఎల్‌జీ కలిసి 2015 నాటికి వీజీఏని తప్పిస్తామని ప్రకటించాయి. కంపెనీలు తప్పించేశాయి సరే, కానీ మన ఇళ్లల్లో, బడుల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో ఇంకా ఆ కంప్యూటర్లు నడుస్తూనే ఉన్నాయి, వాటిని పారేయాల్సిన అవసరం కూడా లేదు. అందుకే ఈ కన్వర్టర్ల వ్యాపారం ఇంత జోరుగా ఉంది, అందుకే మోసమూ ఉంది.

డీవీఐ గురించి రెండు ముక్కలు చాలు. అది, హెచ్‌డీఎమ్‌ఐ ఒకే జాతివి కాబట్టి మామూలు వైరుతోనే బొమ్మ వస్తుంది, సౌండు మాత్రం చాలాసార్లు రాదు, స్పీకర్లు వేరేగా పెట్టుకోండి.

యూఎస్‌బీ సీ తో ఇప్పుడు కొత్త గందరగోళం మొదలైంది. పోర్టు ఒకేలా కనిపిస్తుంది కానీ కొన్నింటికి ఛార్జింగ్, డేటా మాత్రమే ఉంటాయి, కొన్నింట్లోంచే బొమ్మ బయటికి వస్తుంది. పోర్టు పక్కన డిస్‌ప్లే పోర్ట్ గుర్తు, అంటే డీ, పీ అక్షరాలు కలిపి ఉన్న గుర్తు గానీ, బాణంలా ఉన్న పిడుగు గుర్తు, అది థండర్‌బోల్ట్‌ది, అది గానీ ఉంటే నిశ్చింతగా యూఎస్‌బీ సీ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ వైరు కొనుక్కోవచ్చు. గుర్తు లేకపోతే ల్యాప్‌టాప్ మోడల్ నంబర్ పెట్టి కంపెనీ సైట్లో చూసుకున్నాకే కొనండి. ఎమ్1 మొదలుకుని వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లకి యూఎస్‌బీ సీ లోంచి బొమ్మ వస్తుంది. ఫోన్లలో మాత్రం ఖరీదైనవాటిల్లోనే ఈ సౌకర్యం ఎక్కువగా ఉంటుంది.

ఇంకో పని అస్సలు చేయొద్దు. టీవీకి ఉన్న మామూలు యూఎస్‌బీ సాకెట్ పెన్‌డ్రైవ్ కోసం, దాంట్లోకి ల్యాప్‌టాప్ బొమ్మ రాదు. రెండువైపులా యూఎస్‌బీ పెద్ద పిన్నులున్న వైరు తెచ్చి ల్యాప్‌టాప్‌కి టీవీకి కలిపినవాళ్లు ఉన్నారు, రెండువైపుల నుంచీ 5 వోల్టుల కరెంటు ఎదురెదురుగా వచ్చి పోర్టు పోయే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎమ్‌ఐ పాడైపోయి మామూలు యూఎస్‌బీ మాత్రమే ఉంటే దానికి డిస్‌ప్లేలింక్ లాంటి చిప్ ఉన్న అడాప్టర్లు వస్తాయి, డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, ఆఫీసు పనికి సరిపోతాయి.

పొడవు గురించి, కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. టీవీ గోడకి, కంప్యూటర్ టేబుల్ ఎదురు గోడకి పెట్టుకుని గోడలో పైపు వేసి వైరు లాగిస్తున్నారు. మామూలు రాగి హెచ్‌డీఎమ్‌ఐ వైరు మూడు మీటర్ల లోపు ఉంటే ఏ గొడవా లేదు, అయిదు మీటర్ల దాకా మంచి వైరైతే 4కే 60 లాక్కొస్తుంది, ఆ పైన గ్యారంటీ లేదు. పది మీటర్లు కావాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎమ్‌ఐ అని వస్తుంది, లోపల ఫైబర్ ఉంటుంది, దానికి ఒక చివర సోర్స్ అని ఇంకో చివర డిస్‌ప్లే అని రాసుంటుంది, తిరగేసి పెడితే పని చేయదు. దాన్ని గోడలో తిరగేసి లాగి పైన ప్లాస్టరింగ్, పుట్టీ, పెయింట్ అన్నీ అయ్యాక టీవీ తగిలించిన ఇళ్లు నేను చూశా, ఆ ఇంటివాళ్ల మొహం చూడలేకపోయా. ఇంటీరియర్ పనివాళ్లు తెచ్చిన వైరు ఏదైనా సరే, గోడలో వేయకముందు కింద నేల మీద పరిచి మీ టీవీకి, మీ కంప్యూటర్‌కే కలిపి, 4కే 60 పెట్టి ఒక అరగంట నడిపి చూసుకోండి. పైపు పెద్దది వేయించండి, హెచ్‌డీఎమ్‌ఐ తలకాయ చిన్న పైపు వంపుల్లో ఇరుక్కుంటుంది, అక్కడ గట్టిగా లాగితే లోపల సన్నటి తీగలు తెగిపోతాయి. పైపులో ఒక గుంజుడు తాడు కూడా వదిలేయమనండి, రేపు వైరు పోతే గోడ పగలగొట్టకుండా ఇంకోటి లాక్కోవచ్చు. రెండు చిన్న వైర్లని మధ్యలో జాయింట్ ముక్కతో కలిపి గోడలో వేయడం మాత్రం ఒప్పుకోవద్దు.

ఎర్తింగ్ సంగతి వైరు కొనేటప్పుడు ఎవరూ మాట్లాడరు, కానీ మన ఊళ్లల్లో పోర్టులు కాలిపోయేది ఎక్కువగా దీనివల్లే. ఇంట్లో ఎర్తు సరిగ్గా లేకపోతే ఛార్జింగ్ పెట్టిన ల్యాప్‌టాప్ బాడీ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుంది. టీవీకి డాబా మీద నుంచి వచ్చే కేబుల్ వైరో డిష్ వైరో తగిలి ఉంటుంది, దాంట్లో కూడా కొంత కరెంటు ఉండొచ్చు. ఈ రెండిటినీ హెచ్‌డీఎమ్‌ఐ వైరుతో కలిపినప్పుడు ఆ తేడా అంతా ఆ చిన్న పోర్టులోంచి పోతుంది. అందుకని మొదటిసారి కలిపేటప్పుడు టీవీ ప్లగ్గు, కంప్యూటర్ ప్లగ్గు రెండూ పీకేసి, కేబుల్ వైరు కూడా తీసేసి, అప్పుడు హెచ్‌డీఎమ్‌ఐ పెట్టి తర్వాత కరెంటు ఇవ్వండి. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి, ఎర్తు ఉన్న మూడు పిన్నుల సాకెట్ నుంచి తీసుకుంటే మంచిది. ఉరుములు మెరుపులు మొదలైతే హెచ్‌డీఎమ్‌ఐ కూడా పీకేయండి, వానాకాలంలో నా టేబుల్ మీదికి వచ్చే టీవీలలో హెచ్‌డీఎమ్‌ఐ పోయినవి చాలా ఉంటాయి.

అన్నీ సరిగ్గా కలిపాక కూడా బొమ్మ రాకపోతే కంగారుపడి వైరు మార్చకండి. టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్ నొక్కి మీరు ఏ నంబర్ పోర్టుకి పెట్టారో అదే ఎంచుకోండి. కంప్యూటర్‌లో విండోస్ కీ పట్టుకుని పీ నొక్కితే డూప్లికేట్, ఎక్స్‌టెండ్ అని వస్తాయి. సౌండు ల్యాప్‌టాప్ నుంచే వస్తుంటే కింద స్పీకర్ గుర్తు దగ్గర టీవీ పేరు ఎంచుకోవాలి. స్క్రీన్ అంచులు కట్ అయి స్టార్ట్ బటన్ కనపడకపోతే అది టీవీ బొమ్మ సైజు సెట్టింగు, ఎల్‌జీలో జస్ట్ స్కాన్ ఆన్ చేయండి, సామ్‌సంగ్‌లో ఫిట్ టు స్క్రీన్. ఆ ఇన్‌పుట్ పేరుని పీసీ అని మార్చుకుంటే అక్షరాలు ఇంకా స్పష్టంగా వస్తాయి, ఇది చాలామందికి తెలీదు. ఓటీటీ సినిమా మాత్రమే నల్లగా వచ్చి మిగతావన్నీ బాగా వస్తుంటే మధ్యలో ఉన్న కన్వర్టర్ కాపీ రక్షణని, అంటే హెచ్‌డీసీపీని ఒప్పుకోవట్లేదని అర్థం, వైరు తప్పు కాదు.

వైరే లేకుండా వైఫై మీద కలుపుకోవచ్చు కదా అంటారు కొందరు, మిరాకాస్ట్, క్రోమ్‌కాస్ట్ అని. ఫోటోలు, వీడియోలకి బాగానే ఉంటుంది, కానీ మౌస్ కదిపాక కాస్త ఆగి కదులుతుంది, అపార్ట్‌మెంట్లలో పక్కిళ్ల వైఫైలన్నీ కలిసి తెగిపోతూ ఉంటుంది, క్లాసు మధ్యలో తెగితే పిల్లలకి ఇబ్బంది. పనికి వైరే నమ్మకం.

మోసపోయినవాళ్లు ఊరికే ఉండొద్దు. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారు చేసినవాళ్లదో దిగుమతి చేసుకున్నవాళ్లదో పేరు, అడ్రస్, ఎమ్మార్పీ ఉండాలని 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెప్తున్నాయి, బయటి దేశం నుంచి వస్తే ఏ దేశమో కూడా వేయాలి. ఏమీ లేకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇచ్చే కన్వర్టర్‌ని కొనకండి, బిల్లు లేకుండా అసలే కొనకండి. పని చేయని వస్తువు అంటగట్టి తీసుకోకపోతే 1915 కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. రెండు మూడొందల కోసం ఎవరు ఫోన్ చేస్తారులే అనుకోబట్టే ఈ వ్యాపారం ఇలా సాగుతోంది.

తోటి షాపువాళ్లకి కూడా ఒక మాట. మనం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచో కోఠి గుజరాతీ గల్లీ నుంచో హోల్‌సేల్‌లో సరుకు తెచ్చుకునేటప్పుడు చిప్ లేని కన్వర్టర్ వైర్లు తేవడం మానేద్దాం. మనం తేకపోతే హోల్‌సేల్ వాళ్లు తెప్పించరు. షాపులో ఒక పాత టీవీ, వీజీఏ, హెచ్‌డీఎమ్‌ఐ రెండూ ఉన్న ఒక కంప్యూటర్ పెట్టుకుని కస్టమర్ ముందు కలిపి చూపించి ఇద్దాం, అయిదు నిమిషాల పని.

రెండు రాష్ట్రాల తూనికలు కొలతల శాఖ అధికారులని నేను కోరేది, ఎలక్ట్రానిక్స్ మార్కెట్లలో తనిఖీకి వచ్చినప్పుడు ఈ కన్వర్టర్ల ప్యాకెట్లు కూడా తీసి చూడండి. ఎటు నుంచి ఎటు మారుస్తుందో, లోపల చిప్ ఉందో లేదో, బయటి నుంచి కరెంటు కావాలో అక్కర్లేదో, ఈ మూడూ ప్యాకెట్ మీద తెలుగులో కూడా రాయాలని కేంద్రానికి రాయండి. ఎడిటర్ గారూ, మీ వినియోగదారుల పేజీలో ఈ సాకెట్ల బొమ్మలు అసలు సైజులో ఒకసారి ప్రింట్ చేయండి, జనం కత్తిరించి పర్సులో పెట్టుకుని షాపుకెళ్తారు. బొమ్మలకి కావాల్సిన వైర్లు, కన్వర్టర్లు ఫోటో తీసుకోవడానికి నా షాపు నుంచి ఇస్తా.

ఇట్లు,
కంప్యూటర్ సర్వీస్ షాపు నడిపే ఒక పాఠకుడు,
ఖమ్మం